బిగిసిన మోకు

“ఏరు పొంగితే మోకులు నేనే వదులు చేస్తాను, బెంగపడకండి” అని రేవుపెద్ద కొంగ పడవలకు మాటిచ్చింది. ఏరు పొంగనే పొంగింది. కొంగ మాత్రం చేపల వేటలో మునిగిపోయింది. పొట్టి మోకుతో గుంజకు కట్టిన చిన్న దోనె, నీటితోపాటు పైకి లేవలేక మునిగిపోతూ కేకలు పెట్టింది.

కుర్ర నీటికుక్క చిందుగాడికి ఒళ్లు మండింది. “కొంగ మామా, మోకు!”

“తొందరెందుకురా అబ్బాయ్? నీరు దానంతటదే తగ్గుతుంది.”

“అందాకా దోనె ఊపిరి బిగబట్టాలా? రేవు అందరిదీ! చూస్తూ ఊరుకోవడం కూడా నేరమే!”

ఒక్క దూకు దూకి చిందుగాడు మోకు కొరికేశాడు. దోనె చివ్వున పైకి లేచింది! అది కొట్టుకుపోకుండా మోకుకొస పళ్లతో పట్టి ఒడ్డుకు లాగాడు. పడవలన్నీ కేరింతలు కొట్టాయి.

“బంగారంలాంటి మోకు పాడుచేశావు” అని కొంగ సణిగింది.

“మోకు సరే, నువ్విచ్చిన మాటేమైంది? అందరి ముందూ జవాబు చెప్పు. రేవంతా సభ కూడే శ్రావణ పౌర్ణమి దాకే నీకు గడువు!”