గోవిందు చెయ్యి

“చెయ్యి తీయ్ రా గోవిందూ! పని జేస్తే జెయ్, లేకుంటే లేచిపో!”

మగ్గం మీద నుంచి జోగయ్య కసురుకున్నాడు. పడుగు మీద అడ్డంగా పడి ఉన్న చెయ్యి మాత్రం కదల్లేదు.

గద్వాల చీరకు ఒక్క మనిషి చాలడు. అంచు నూలూ నడుమ నూలూ పోగుపోగుకూ ముడిపడాలంటే ఎడమ పక్కన ఇంకొకరు కూర్చుని అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె వెయ్యాల్సిందే. ఆరేళ్లుగా ఆ చోటు బామ్మర్ది గోవిందుది. ఇవాళ మగ్గం మీదున్నది మామూలు చీర కాదు. సాయంత్రానికి కోసి సొసైటీలో ఇస్తే హైదరాబాదు పోటీకి పోతుంది, జోగయ్య పేరు మీద. తన పేరు కూడా రాయించమని గోవిందు మొన్న నసిగాడు. జోగయ్య ఒప్పుకోలేదు. ఇదిగో, అప్పటి నుంచే వాడి వాలకం తేడాగా ఉంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం! చీర ఆగిపోవాలనే గదా ఈ వేషాలు?

“మొద్దు లెక్క చెయ్యి పెట్టినవేందిరా? పోగులు తెగుతయ్!”

“నేనేడ పెట్టిన బావా?”

“కండ్ల ముందర పెట్టుకొని అబద్ధాలు గూడనా!”

జోగయ్య కుడిచేత్తో ఆ చేతిని ఎత్తి అవతలికి విసిరేశాడు. అది తడిసిన నూలు చిలపలా జారి మళ్లీ చీర మీదే పడింది. అబ్బో, ఏం నటన!

“ఏమే! నీ తమ్మునికి జర బుద్ధి జెప్పు. నా చీర ఖరాబు జేస్తుండు!”

“పొద్దుగాల్నే ఏం కొట్లాట? మీరు మీరే తేల్చుకోండ్రి,” వంటింట్లోంచి విజయమ్మ అరిచింది. రాలేదు. ఎందుకొస్తుంది, తమ్ముడంటే ప్రాణమాయె! అక్కాతమ్ముళ్లు కూడబలుక్కున్నారేమో ఎవరికెరుక?

ఒళ్లు మండి జోగయ్య లేవబోయాడు. తల గిర్రున తిరిగింది. ఆ తర్వాత ఎవరో అరవడం, నూటెనిమిది బండి కూత, కుదుపులు, అంతా కలగాపులగం.

కళ్లు తెరిస్తే దవాఖాన. కుడి పక్కన విజయమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. తన పొట్ట మీద మళ్లీ అదే చెయ్యి! మంచాలు చాలక ఇద్దరినీ ఒకే మంచం మీద పండబెట్టినట్టున్నారు. ఇక్కడికొచ్చినా వీడు వదలడా?

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు. “రక్తం గడ్డ అడ్డం పడ్డది. మెదడుకు పోయే పెద్ద నాళమే మూసుకపోయింది.”

“పెద్దదే మూసుకపోయిందా సారూ? మా వాడకట్టుల ఎవ్వరికీ గిట్ల కాలే.”

“అరుదేం కాదమ్మా. గడ్డతోటి వచ్చే పక్షవాతాలు పది ఉంటే, మూడింటి దాకా పెద్ద నాళానివే. ఎప్పుడు మొదలైంది? గంటలు దాటినకొద్ది ఈ చెయ్యి మళ్ల లేస్తదన్న ఆశ తగ్గుతది.”

“ఎనిమిదింటికి సారూ. ఇద్దరు కొట్లాడుకుంటుండ్రనుకొని నేను లేవనే లేదు...” విజయమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

జోగయ్య పొట్ట మీది చేతి వైపు చూశాడు. పక్షవాతమా! అయితే వాడు నటించలేదా? పాపం, లేవని చేతిని పట్టుకుని ఎన్ని మాటలన్నాడు తను! నేతగాడికి చెయ్యి పోతే బతుకు పోయినట్టే. అయినా పాడు అనుమానం ఒక పట్టాన వదలదు కదా.

“సారూ, నాటకమేమో, జర సూది పొడిచి సూడుండ్రి.”

డాక్టరు పొడిచాడు. చెయ్యి ఉలకలేదు. దాన్ని మెల్లగా ఎత్తి పట్టుకుని అడిగాడు, “జోగయ్యా, ఇది ఎవరి చెయ్యి?”

జోగయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. “మా గోవిందుది సారూ. ఎట్లన్న జేసి బాగు జెయ్యిండ్రి. చీర మీద వాని పేరు గూడ రాయిస్త.”

మంచానికి ఎడమ పక్కన గోవిందు, బాగున్న తన రెండు చేతులూ డాక్టరుకు జోడించి నిలబడ్డాడు.