లెక్కల ఆయా

"సిస్టరమ్మా, లెక్క సరిపోయిందా?"

ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుంటే చాలు, ఆ ఆయా నోట ఇదే మాట.

అందుకే లెక్కల ఆయా అని పేరు పడింది. అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆపరేషన్‌లో నెత్తురు అద్దిన గాజ్ గుడ్డలన్నీ బకెట్‌లో పడతాయి. వాటిని బయటికి తెచ్చి పారేయడం ఆయా పని. ఈవిడ మాత్రం పారేసే ముందు వాటిని ప్లాస్టిక్ కాగితం మీద అయిదేసి చొప్పున పరిచి, వేలు చూపిస్తూ లెక్కపెట్టుకునేది.

"నీకెందుకమ్మా ఆ లెక్కలు? మేం లేమూ?" అని విసుక్కుంది కొత్త నర్సు.

"ఉన్నారు తల్లీ. నా పిచ్చి నాది," అని నవ్వేసింది ఆయా.

సంగతేమిటో తోటి నర్సు చెవిలో ఊదింది.

"ఆవిడ ఒకప్పుడు ఇక్కడే నర్సట. లెక్క తప్పి, ఎవరి కడుపులోనో గుడ్డ వదిలేసి కుట్లు వేయించిందట. ఉద్యోగం ఊడి, ఇదిగో ఇలా బకెట్లు మోస్తోంది."

"సిగ్గు లేకుండా మళ్ళీ ఇక్కడేనా?"

"అదే మరి!"

అప్పటినుంచి ఆయాని చూస్తే కొత్త నర్సుకి ఒళ్ళుమంట. పైకి మంటే గానీ లోపల ఉన్నది భయం. ఏదో ఒకరోజు తనకీ ఇదే గతి పడుతుందేమోనని.

ఆ రోజు బల్ల మీద ఇద్దరు పిల్లల తల్లి. థియేటర్ బోర్డు మీద వాడిన గుడ్డల లెక్క ముప్పై అని రాసి ఉంది.

"లెక్క?" అన్నాడు పెద్ద డాక్టరు, కుట్లు వేయడానికి సూది అందుకుంటూ.

కొత్త నర్సు బకెట్ చూసి లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది.

ఇంకోసారి చూడాలి. కానీ మొన్న ఇలాగే ఇంకోసారి చూస్తానంటే, "చిన్నప్పుడు ఎక్కాలు ఎగ్గొట్టావా?" అని అందరి ముందూ కడిగిపారేశాడాయన. మాస్కుల చాటున అందరూ కిసుక్కుమన్నారు.

ఏవో రెండు అంటుకుపోయి ఉంటాయిలే అనుకుంది.

"సరిపోయింది సర్."

కాసేపటికి మందు సీసా కోసం బయటికొచ్చింది. అప్పటికే బకెట్ బయటికి తెచ్చి గుడ్డలు పరుచుకున్న ఆయా నేలమీంచి గబగబా లేచింది.

"సిస్టరమ్మా, బోర్డు మీద ముప్పై ఉంది. ఇక్కడ ఇరవై తొమ్మిదే ఉన్నాయి."

కొత్త నర్సు భయం కోపమై నోట్లోంచి ఊడిపడింది.

"అందరూ నీలాగే లెక్క తప్పుతారనుకున్నావా? ఉద్యోగం ఊడగొట్టుకున్నదానివి, నువ్వా నాకు చెప్పేది!"

ఆయా ముఖం చిన్నబోయింది. అయినా ఔననలేదు, కాదనలేదు.

"నన్నేమన్నా అను తల్లీ. ముందు లోపలికెళ్ళి చెప్పు."

"చెబితే ఆయన నన్ను బతకనిస్తాడా?"

"అరుస్తాడు. అరవనీ. సాయంత్రానికి ఆయనే మర్చిపోతాడు. ఆవిడ కడుపు మర్చిపోదు. వెళ్ళు."

కొత్త నర్సు లోపలికి వెళ్ళింది.

"సర్, నేను తప్పు చెప్పాను. ఒకటి తక్కువ."

థియేటర్ దద్దరిల్లిపోయింది. వేసిన కుట్లు విప్పారు. పేగుల వెనక దొరికింది ముప్పయ్యోది.

ఆయా అన్నట్టే సాయంత్రానికి డాక్టరు మామూలైపోయాడు. మర్నాటినుంచి లెక్క రెండుసార్లు పెట్టందే సూది ముట్టలేదు.

కొత్త నర్సుకి మాత్రం తల కొట్టేసినట్టుంది. ఎవరి కంటపడినా ఫరవాలేదు గానీ, ఆయా కంటపడకూడదు.

"సిస్టరమ్మా, లెక్క..." అని పలకరించబోతే విననట్టు తప్పుకుపోయేది.

నెల తిరక్కుండానే ఆ తల్లి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకొచ్చి కొత్త నర్సు చేతులు పట్టుకుంది.

"డాక్టరుగారు చెప్పారమ్మా. తప్పు మీరే ఒప్పుకున్నారటగా. లేకపోతే ఈపాటికి వీళ్ళకి నేను లేను."

కొత్త నర్సుకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మాట దక్కాల్సింది తనకి కాదు. కాళ్ళు పట్టుకునైనా ఆయాని క్షమించమనాలని బకెట్ల గదికి పరిగెత్తింది.

అక్కడ ఎవరో కొత్తావిడ ఊడుస్తోంది.

"ఆవిడా? నిన్న పోయిందిగా," అంది, చీపురు ఆపకుండానే.

కొత్త నర్సు మేట్రన్ గదిలోకి దూసుకెళ్ళింది. నర్సులందరికీ పెద్ద, మేట్రన్ అంటే ఆసుపత్రి మొత్తానికి హడల్. అలాంటి మనిషి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటోంది.

"నేను తప్పు ఒప్పుకున్నానంటే ఆవిడ వల్లే మేడమ్. ఒక్క మంచిమాట కూడా చెప్పలేకపోయాను. ఏమైంది ఆవిడకి?"

"పేగు మెలిపడింది. తీసుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది."

"ఎప్పుడో కడుపు కోసినవాళ్ళకి కదా ఎక్కువగా అలా అయ్యేది?"

"రెండుసార్లు కోశారు. ఇరవై రెండేళ్ళ కిందట, ఇక్కడే."

"నర్సుగా ఉన్నప్పుడా?"

"ఆవిడ ఏనాడూ నర్సు కాదు."

"మరి అందరూ అలా అంటుంటే, కాదని ఒక్కసారైనా అనలేదేం?"

"నా కోసం," అంది మేట్రన్. "ఏడుస్తూ వెళ్ళి నిజం చెబితే నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ బకెట్ల దగ్గర పని ఇప్పించమంది, అంతే. నలుగురూ తననే అనుకుంటే అనుకోనిచ్చింది. నేను సిగ్గుతో ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు."

"ఏ నిజం మేడమ్?"

మేట్రన్ తలెత్తలేదు.

"లెక్క తప్పింది నేను తల్లీ, గుడ్డ ఉండిపోయింది ఆవిడ కడుపులో."