ఆపేసిన టీవీ

"మళ్ళీ మొదలెట్టింది," అంది లోర్నా, గొంతు తగ్గించి.

వేడ్ కాఫీ కప్పుతో వంటింట్లోంచి తొంగిచూశాడు. హాల్లో, ఆపేసి ఉన్న టీవీ ముందు నెవెనా నిలబడి ఉంది. రెండు అరచేతులూ నల్లటి అద్దానికి ఆనించి, ముక్కు కూడా ఆనించి, లోపలెవరితోనో గుసగుసలాడుతోంది. మధ్యమధ్య ఆగి, జవాబు విన్నట్టు తల ఊపుతోంది.

"ఎవరితో వేడ్, ఆ మాటలు?"

"దుమ్ముతో. నువ్వది తుడిచి నెలైంది."

"వేళాకోళం వద్దు. 'అమ్మా' అంటోంది. నా చెవులతో విన్నాను."

బల్గేరియాలోని అనాథాశ్రమం నుంచి పిల్లని అమెరికాలో, డులూత్‌లోని తమ ఇంటికి తెచ్చుకుని ఆ రోజుకి పదిహేడు రోజులు. రెండున్నరేళ్ళ పిల్ల, ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా ఏడవలేదు. పెట్టింది తింటుంది. పడుకోమంటే పడుకుంటుంది. ఎత్తుకుంటే మాత్రం కట్టెలా బిగుసుకుపోతుంది. లోర్నాని "పిన్నీ" అంటుంది. ఆశ్రమంలో తిండి పెట్టే ఆయాలందరినీ పిల్లలు అలాగే పిలుస్తారు. 'అమ్మ' అనే పిలుపు ఈ ఇంట్లో టీవీకొక్కదానికే దక్కింది. ఆ పిలుపు కోసమే లోర్నా రెండేళ్ళు కూర్చుని బల్గేరియన్ నేర్చుకుంది.

ఆమె మెల్లగా దగ్గరికి వెళ్ళింది. అడుగుల చప్పుడు వినగానే పిల్ల ఇటు తిరిగి, చేతులు పక్కన పెట్టుకుని బుద్ధిగా నిలబడింది.

"అందులో ఎవరున్నారు బంగారం?"

"ఎవరూ లేరు పిన్నీ."

లోర్నా టీవీ మీద దుప్పటి కప్పేసింది. మర్నాడు పొద్దున చూస్తే నెవెనా ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఓవెన్ తలుపు అద్దాన్ని వేలితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వింటోంది. లోర్నా దానికీ తువ్వాలు వేలాడదీసింది. మధ్యాహ్నానికి మైక్రోవేవ్ వంతు వచ్చింది. పిల్ల కుర్చీ ఈడ్చుకొచ్చి, ఎక్కి మరీ ఆ నల్ల అద్దానికి ముద్దుపెట్టింది.

లోర్నా పిల్ల కాగితాలు మళ్ళీ తీసి చూసింది. వాటిలో ఒక్క వాక్యం ఉంది, కన్నతల్లి చనిపోయిందని. అంతకుమించి ఏమీ లేదు.

సాయంత్రం వేడ్ తల్లి బెవ్ గిన్నెడు కూరతో వచ్చి గుమ్మం బయటే నిలబడింది. మొదటి మూడు నెలలూ తల్లీ తండ్రీ తప్ప పిల్లని ఎవరూ ఎత్తుకోకూడదు, తినిపించకూడదు, ఇంట్లో టీవీ, ఫోను, ఏ తెరా వెలగకూడదు అని దత్తత సంస్థ వాళ్ళ గట్టి ఆజ్ఞ. మనవరాలిని ఆవిడ తలుపు అద్దంలోంచి చూసుకుని వెళ్ళాల్సిందే.

"ఏమిటే అమ్మాయ్, చావింట్లో అద్దాలకి కప్పినట్టు అన్నిటికీ గుడ్డలు చుట్టావు? ఎవరైనా పోయారా?"

"పోయినావిడ వచ్చిందేమోనని భయంగా ఉందత్తయ్యా."

"భేష్! నేను గడప దాటకూడదు గానీ, ఆవిడకి అడ్డే లేదన్నమాట." బెవ్ గిన్నె మెట్టు మీద పెట్టి, లోపల పిల్లకి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

లోర్నాకి నవ్వు రాలేదు. పిల్ల తన చేతుల్లోకి రాకముందే ఎవరో లాగేసుకుంటున్నారు. వాళ్ళతో ఎలా పోట్లాడాలో ఆమెకి తెలియదు.

పంతొమ్మిదో రోజు పెరుగు అయిపోయింది. పిల్ల ఇష్టంగా తినేది అదొక్కటే. పిల్ల వచ్చాక లోర్నా మొదటిసారి ఒంటరిగా గడప దాటింది. దుకాణంలో నలభై రకాల పెరుగు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఏది కొనేదో మర్చిపోయింది. వేడ్‌కి వీడియో కాల్ చేసింది.

"ఖాళీ డబ్బా చూపించు."

"తెరలు వద్దన్నారు కదే. నువ్వే కదా నా ఫోను లాక్కుని సొరుగులో పెట్టింది? మోగుతుంటే ఇప్పుడే బయటికి తీశాను."

"ఒక్క నిమిషం. పిల్ల చూడకుండా చూపించు."

అంతలో పరుగెత్తుకొస్తున్న చిన్న అడుగుల చప్పుడు. "అమ్మా!" అని ఒక్క కేక. ఫోను కింద పడింది. తెర మీద వంటింటి పైకప్పు కనిపించింది. ఆ వెంటనే తెరంతా నెవెనా ముఖం! నవ్వుతోంది. పంతొమ్మిది రోజుల తర్వాత లోర్నా ఆ చిన్నచిన్న పళ్ళు చూసింది.

"అమ్మా! అమ్మా!" పిల్ల తెరని ముద్దులతో తడిపేస్తోంది.

"విన్నావా లోర్నా? నిన్నే! నిన్నే పిలుస్తోంది!" వెనక నుంచి వేడ్ అరుస్తున్నాడు.

పెరుగు డబ్బాల మధ్య నిలబడి లోర్నా భోరున ఏడ్చింది. ఆ నవ్వు ఆమెకి కొత్త కాదు. దత్తత కాగితాలు తెమిలేదాకా ఏడు నెలలు, ప్రతి ఆదివారం ఆశ్రమం వాళ్ళు ఫోను పట్టుకుని 'అదిగో అమ్మ' అంటే తెరలో చూసిన నవ్వే. చచ్చిపోయినావిడ రాలేదు, ఎవరూ రాలేదు. ఇన్నాళ్ళూ పిల్ల నల్లటి అద్దాల్లో వెతికింది తననే. లోర్నాకి గుండెల మీంచి బండ దింపినట్టయింది.

"అవును తల్లీ, అమ్మనే! వచ్చేస్తున్నా. ఇప్పుడే వచ్చేస్తున్నా!" అంది పిల్లకి అర్థమయ్యే భాషలో.

నెవెనా నవ్వు ఆపేసింది. ఒకసారి వెనక్కి తిరిగి వేడ్ వైపు చూసింది. ఫోను పట్టుకుని బల్ల కిందకి దూరి, తెరకి పెదాలు ఆనించి గుసగుసగా అంది:

"తొందరగా రా అమ్మా. పిన్ని బయటికెళ్ళింది. తను తిరిగొచ్చేలోగా నన్ను మనింటికి తీసుకెళ్ళిపో."