మంచి కబుర్ల గోడ

ఇంటింటా గోడలే వార్తలు చెప్పే రోజులవి. గుండెకు మంచిదని డాక్టరు అనడంతో, అనసూయమ్మ తన గోడను మంచి కబుర్లే చెప్పమంది. రెండేళ్లుగా ఆమె చెవిన ఒక్క చెడ్డ మాట పడలేదు.

ఒక శుక్రవారం పేరంటానికి పిలుద్దామని అనసూయమ్మ కుంకుమ భరిణెతో వెళ్లి, ఎదురింట్లో ఉండే కామాక్షి వాళ్ల తలుపు తట్టింది. లోపల మూల దీపం, పక్కన కామాక్షి భర్త ఫోటో. అనసూయమ్మ భరిణెను గబుక్కున కొంగుచాటున దాచుకుంది.

"తెలీదమ్మా! మా గోడ చెప్పలేదు."

"ఎవరి గోడా చెప్పలేదు పిన్నీ. అందరివీ మంచి కబుర్ల గోడలేగా. ఆయన పోయి మూడు రోజులైంది. మీరే మొదట వచ్చారు," అంటూ కామాక్షి ఆమె భుజం మీద వాలి ఏడ్చింది.

ఆ ఇంట పొయ్యి వెలగలేదు. అనసూయమ్మ పప్పూ అన్నం వండి తీసుకెళ్లి, దగ్గర కూర్చుని తినిపించింది. తిరిగొచ్చి స్నానం చేసి, ఇకమీదట అన్నీ చెప్పమని గోడకు చెప్పింది.

"నీ గుండె ఏమైపోతుందే?" అన్నాడు భర్త సీతాపతి.

"అంత ఏడుపు విన్నా ఏమీ కాలేదండీ. ఆ పిల్ల నాలుగు ముద్దలు తింది. ఈ రెండేళ్లలో గోడ చెప్పిన ఏ కబురూ నాకింత ధైర్యమివ్వలేదు."

అంతలో, అదే భవనం మూడో అంతస్తులో ఉండే భూషణంగారు జారిపడ్డారని గోడ చెప్పింది. అనసూయమ్మ చెప్పులు వేసుకుంది. సీతాపతి నిట్టూర్చి, తనూ లేచాడు.