దొరకని మాడ్యూల్

కుర్చీలో కర్చీఫ్ ఉంది.

లాస్య దాన్ని తీసి కీబోర్డు పక్కన పెట్టి కూర్చుంది.

"గక్కడ ఒకాయన ఉన్నడమ్మా. చాయ్‌కి పోయిండు" అన్నాడు నెట్ సెంటర్ నడిపే లింబాద్రి.

"కర్చీఫ్ వేసుకోవడానికి ఇదేమన్నా ఆర్టీసీ బస్సా అంకుల్? నాకు ఐదు లోపల ఫైలు పోవాలి."

నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఆ సెంటర్‌లో ప్రోగ్రాంలు నడిపే పైథాన్ ఉన్న సిస్టం అదొక్కటే. మిగతావాటి ముందు సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు కూర్చున్నారు.

బోధన్ దగ్గర ఒక చెరకు విత్తనాల కంపెనీ డేటా అసిస్టెంట్‌ను తీసుకుంటోంది. పోస్టు ఒకటే. వాళ్లిచ్చిన దిగుబడి లెక్కల మీద కంప్యూటర్‌లో తెరిచే నోట్‌బుక్‌లో ప్రోగ్రాం రాయాలి. మొదటి నుంచి చివరిదాకా నడిపి, జవాబులతో సహా ఆ సాయంత్రం ఐదు లోపల పంపాలి.

లాస్య వాళ్లది బోధన్ అవతల, కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు. ప్రోగ్రాం ఇంట్లోనే రాసింది. నడిపే సమయానికి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ తీసుకుని నిజామాబాద్ బస్సెక్కింది.

హైదరాబాద్ పంపేది లేదని వాళ్ల నాన్న జగన్మోహనరావు ముందే చెప్పాడు. ఇంటి నుంచి పోయివచ్చే ఉద్యోగం ఇన్నాళ్లకు ఇదొక్కటే పడింది.

నోట్‌బుక్ తెరిచి మొదటి వరుస నడిపింది. లెక్కలు చేసే మాడ్యూల్ దొరకడం లేదని ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

కమాండ్ విండో తెరిచి మాడ్యూల్ ఎక్కించబోయింది. ఇదివరకే ఉందని వచ్చింది.

మళ్లీ నోట్‌బుక్ నడిపింది. లేదని వచ్చింది.

ఎవరో వచ్చి వెనక నిలబడ్డారు. ఆమెకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు. కర్చీఫ్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లె, నాకు గూడ దీని మీద జర పనుంది."

"ఐదు తర్వాత చేసుకోండి."

"ఐదు తర్వాత అయితే..."

"నా పని ఐదు లోపలే అవ్వాలండి. మీది కాసేపు ఆగితే ఏమవుతుంది?"

అతను గోడ గడియారం చూశాడు. నాలుగు దాటింది. తెర మీది చెరకు లెక్కలు చూశాడు.

"దీంట్ల రెండు పైథాన్‌లు ఉన్నయ్ చెల్లె" అన్నాడు తర్వాత. "నువ్వు ఒకదాంట్ల ఎక్కిస్తున్నవ్. నోట్‌బుక్ ఇంకోదాంట్ల ఎతుకుతుంది. సరుకు బోధన్‌ల దింపి నిజామాబాద్‌ల అడుగుతే ఎవలిస్తరు? ఏ పైథాన్‌ల నడవాల్నో చెప్పే కర్నల్ పైన ఉంటది సూడు. అది మార్చు, అయిపాయె."

"నేను మిమ్మల్ని అడిగానా?"

"అడగలే."

"మరెందుకు చెబుతున్నారు?"

"నువ్వు జల్ది లేస్తె నేను కూసుంట. గంతే."

లాస్య లింబాద్రి వైపు తిరిగింది.

"అంకుల్, ఈయన్ని దూరంగా కూర్చోమనండి. నా స్క్రీన్ చూస్తున్నారు."

సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు తలలు తిప్పి చూశారు. ఒకావిడ పక్కనున్న కూతురిని దగ్గరకు లాక్కుంది.

"శాంతి కుమార్, జర గిటు రా అన్న" అన్నాడు లింబాద్రి.

అతను వెళ్లి తలుపు పక్కన స్టూల్ మీద కూర్చున్నాడు.

లాస్య మాడ్యూల్ తీసేసి మళ్లీ ఎక్కించింది. లేదని వచ్చింది. పైథాన్ కొత్తది దింపింది. నెట్ నడవక దానికి చాలాసేపు పట్టింది. దింపాక కూడా లేదనే వచ్చింది. సిస్టం ఆపి మళ్లీ ఆన్ చేసింది. అవే ఎర్ర అక్షరాలు.

ఐదు దగ్గర పడింది.

"ఆ కర్నల్ ఎక్కడుంటుంది?" తల తిప్పకుండా అడిగింది.

శాంతి కుమార్ లేచి రాలేదు. అక్కడి నుంచి అతనికి తెర కనబడదు.

"పైన కుడి మూలకు. పైథాన్ త్రీ అని రాసుంటది. దాని మీద నొక్కు. ఒకటికంటె ఎక్కువ పేర్లొస్తయ్."

"వచ్చాయి."

"రెండోది పెట్టు. ఇగ మొదటి నుంచి అన్ని నడిపియ్."

నడిపింది. ఎర్ర అక్షరాలు రాలేదు. లెక్కలు వచ్చాయి, చివర గ్రాఫ్ వచ్చింది. ఫైలు పంపింది. అందినట్టు మెయిల్ వచ్చేసరికి ఐదు కావచ్చింది.

పెన్‌డ్రైవ్ తీసుకుని లేచింది. శాంతి కుమార్ పక్క నుంచే మెట్లు దిగింది. థాంక్స్ చెప్పాలనుకుంది. అందరి ముందు అన్న మాట గుర్తొచ్చి తలెత్తలేదు.

ఇంటర్వ్యూకు పిలిచారు. పనిలో ఇబ్బందులేమైనా వచ్చాయా అని అడిగారు. మాడ్యూల్ సంగతి చెప్పింది.

"కర్నల్ మార్చాలని ఎవరు చెప్పారమ్మా?"

"నేనే కనుక్కున్నాను సార్."

ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన తల ఊపి ఏదో రాసుకున్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరికీ చెప్పింది. కర్నల్ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పనిలో చేరాక మొదటి ఆదివారం మిఠాయి డబ్బా తీసుకుని కంఠేశ్వర్ వెళ్లింది.

తలుపు పక్కన స్టూల్ ఖాళీగా ఉంది.

"శాంతి కుమార్ గారు వస్తున్నారా అంకుల్?"

"ఇగ రాలేదమ్మా. పని కోసం హైదరాబాద్ పోయిండన్నరు."

"ఆయన ఫోన్ నంబరుందా? ఆ రోజు బాగా మాట్లాడలేదు నేను. ఆయన పని కూడా ఆపేశాను. నేను వెళ్లాక చేసుకున్నారు కదా?"

లింబాద్రి ఆమె చాపిన డబ్బా అందుకోలేదు.

"ఐదు దాటినంక ఏం జేస్కుంటడు బిడ్డా? నువ్వు మెట్లు దిగినంక చెప్పిండు, గాయన గూడ గదే నౌకరికి ఫైలు పంపనీకె వచ్చిండట."