గిజిగాడి గూటి బీమా

తుమ్మకొమ్మన గూడు అల్లుతున్న గిజిగాడు సంబరంతో గంతులేశాడు. "ఏమే, పందికొక్కు మామ దగ్గర మన గూటికి బీమా కట్టేశాను! రోజుకి రెండు జొన్నగింజలు ఇస్తే చాలట. గాలివానకి గూడు పడిపోతే, కొత్త గూటికి కావలసిన గడ్డంతా మామే ఇస్తాడట!"

"సరే గానీ, గూట్లో తడిమట్టి అద్దవా? బరువుంటేనే కదా గాలికి ఆగేది," అంది ఆడపిట్ట.

"బీమా ఉండగా మట్టెందుకే పిచ్చిమొహమా!"

రెండు నెలలు గింజలు మోశాడు. ఓ సాయంత్రం ఈదురుగాలి లేచింది. వడగళ్ళు టపటపా రాలాయి. తేలికపాటి గూడు గిరగిరా తిరిగి తెగిపడింది.

గిజిగాడికి బెంగే లేదు. "పడింది మామా, పడిపోయింది! గడ్డి తియ్యి!" అంటూ ఆడపిట్టతో సహా పందికొక్కు కన్నం ముందు వాలాడు.

పందికొక్కు బయటికొచ్చి, చెట్టు కింద పడున్న గూటిని తిరగేసి చూశాడు. "మట్టి అద్దని గూటికి బీమా వర్తించదురా అబ్బాయ్. మొదటిరోజే చెప్పాను. నువ్వే సంబరంలో వినిపించుకోలేదు."

ఆడపిట్ట ఒంటికాలి మీద లేచింది. "మట్టి అద్దితే అసలు గూడే పడదుగా!"

"పడదమ్మా," అన్నాడు పందికొక్కు, జొన్నగింజ కొరుకుతూ. "అందుకేగా ఇన్నేళ్ళలో నేనొక్క గడ్డిపరకైనా కొయ్యలేదు."