చెవిగింజ లేని బడి

ఆరో తరగతికి బడి వెతకడం సన్యాసయ్య నడుం విరిచేసింది. మనవరాలు పైడితల్లి చేతికి మట్టి ఇస్తే ఏనుగుల మందనే నిలబెడుతుంది గానీ, పుస్తకం తెరిస్తే అక్షరాలు కుదురుగా నిలవవు. డిస్లెక్సియా అన్నాడు డాక్టరు. విజయనగరం బడుల్లో ఇప్పుడు టీచర్లకు బదులు మాట్లాడే గోడలే పాఠాలు చెబుతున్నాయి. చేర్చుకునే ముందు అన్ని బడులూ ఒకే పాఠం చదివిస్తాయని తెలిసి, తాత దాన్ని కంఠతా పట్టించాడు.

మొదటి బడిలో గుంట తడబడకుండా అప్పజెప్పింది.

"కళ్ళు అక్షరాల మీద లేవు" అంది గోడ. "పర్వాలేదు, చెవిలో గింజ పెడతాం. అన్నీ అదే చదివి వినిపిస్తుంది."

"మరి నానేటి సెయ్యాలి?" అంది పైడితల్లి.

"వింటే చాలు."

ఏ బడికెళ్ళినా అదే మాట. ప్రతిచోటా పిల్ల తల అడ్డంగా ఊపింది. చివరికి కోట వెనక రేకుల షెడ్డులో నడిచే బడికి వెళ్ళారు. అక్కడ గోడ మాట్లాడలేదు. కుర్చీలో మనిషే ఉంది, భానుమతి టీచరు. పిల్ల అలవాటుగా పాఠం అందుకోగానే ఆపించింది.

"బట్టీ వద్దమ్మా. ఈ ఒక్క వాక్యం చదువు."

"సానాసేపు పడతాదండి."

"పట్టనీ. ఇదిగో మట్టి, కావాలంటే దీంతో ఒక్కో అక్షరం చేసుకుంటూ చదువు."

కాళ్ళు పీకుతుంటే తాత నేల మీద చతికిలబడ్డాడు. పిల్ల అక్షరాలు చేస్తూ, చెరుపుతూ, మళ్ళీ చేస్తూ కూడబలుక్కుని చదివింది. టీచరు గడియారం వంక చూడలేదు.

"రెండు తప్పులున్నాయి" అందామె చివరికి. "రేపు సరిచేద్దాం."

ఇదీ పరీక్షే అనుకున్నాడు సన్యాసయ్య. "రేపు కూడా రావాలేటమ్మా?" అన్నాడు నీరసంగా.

"మీరు రానక్కర్లేదు తాతగారూ. పాపను బడికి పంపండి చాలు."